వీరగల్లు మీద లేని ఇల్లు

రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'ది రోడ్ నాట్ టేకెన్' కవిత మనలో చాలామందికి స్కూలు పాఠంగా తెలుసు. చదవనివాళ్ళకి కూడా అందులోని చివరి మాటలు ఏ కేలండర్ మీదో, ఏ వాట్సాప్ ఫార్వర్డులోనో తగిలే ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ కంపెనీల మీటింగుల్లో అయితే, ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టినవాళ్ళూ, పెట్టాలనుకుంటున్నవాళ్ళూ అది తమ గురించే రాసినట్టు తెర మీద వేసి చూపిస్తుంటారు. నలుగురూ నడవని దారిలో నడిచిన ధైర్యవంతుడి కవితగా దానికి పేరు పడిపోయింది. ఫ్రాస్ట్ మాత్రం దాన్ని ఒక స్నేహితుణ్ణి ఆటపట్టించడానికి రాశాడు. ఆ స్నేహితుడు షికారుకెళ్తే ఒక దారి ఎంచుకుని, తీరా నడిచాక, అయ్యో ఆ రెండో దారిలో వెళ్ళుంటే ఇంకా మంచి పూలు చూపించేవాణ్ణే అని నొచ్చుకునే రకం. ఏ దారిలో వెళ్ళినా చింతే.

ఆ స్నేహితుడి పేరు ఎడ్వర్డ్ థామస్. 1915 వేసవిలో ఆ కవిత మీద ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. థామస్‌కి అది హాస్యంలా అనిపించలేదు. ఆ జూలైలోనే ఆయన బ్రిటిష్ సైన్యంలో చేరాడు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్సులో, అరాస్ యుద్ధం మొదలైన రోజు పొద్దున్నే చనిపోయాడు. అప్పటికి 39 ఏళ్ళు. భార్య హెలెన్, 17 ఏళ్ళ కొడుకు మెర్విన్, 14 ఏళ్ళ పెద్దకూతురు బ్రాన్వెన్, ఆరేళ్ళ చిన్నకూతురు మవాన్వీ.

ఫ్రాస్ట్ కవిత వల్లే ఆయన యుద్ధానికి పోయాడని కొందరు కథలా చెప్తారు. అది అతిశయోక్తి. ఏడాదిగా ఆయన మనసులో నలుగుతున్న విషయం అది. నేనిక్కడ రాయాలనుకున్నది ఆయన యుద్ధానికి ఎందుకెళ్ళాడని కాదు, ఆ సంగతి కొంత చెప్పుకోక తప్పకపోయినా. చనిపోయిన సైనికుణ్ణి ఎవరు ఎలా గుర్తుపెట్టుకుంటారు, ఆ గుర్తుల్లో ఏది మిగులుతుంది, ఏది రాలిపోతుంది అన్నది నా ప్రశ్న. దానికి థామస్ కుటుంబం కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కూలి రాతల మనిషి

థామస్ 1878లో లండన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు వేల్స్ మూలాల వాళ్ళు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదువుతుండగానే, 1899లో, హెలెన్ నోబుల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడు జనవరిలో మెర్విన్ పుట్టాడు. ప్రభుత్వోద్యోగి అయిన తండ్రి తనలాగే కొడుకునీ ఏదన్నా సర్కారీ కొలువులో చేరమన్నాడు. కొడుకు కలం మీదే బతుకుతానన్నాడు. బతికాడు కూడా, కాకపోతే ఆ బతుకు మామూలు కష్టం కాదు. పత్రికలకి లెక్కలేనన్ని పుస్తక సమీక్షలు, ప్రకాశకులు అడిగిన యాత్రా పుస్తకాలు, జీవితచరిత్రలు. 1915లో సైన్యంలో చేరిన ఏడాది కూడా డబ్బుకోసం మార్ల్‌బరో డ్యూకు జీవితచరిత్ర ఒకటి రాసిచ్చాడు. ఒక పుస్తకం డబ్బు చేతికొచ్చే లోపే అది ఖర్చైపోయేది, ఇంకో పుస్తకం ఒప్పుకోవాల్సి వచ్చేది.

సాటి రచయితల పట్ల ఉదారంగా ఉండేవాడు. డబ్ల్యు. హెచ్. డేవీస్ అనే ఒంటికాలి కవికి, దేశదిమ్మరికి, ఉండటానికి చోటు చూపించి, కొయ్యకాలు చేయించిపెట్టాడు. సొంత ఇంట్లో మాత్రం ఆయనతో వేగడం కష్టం. నిరాశ ముంచుకొచ్చేది. అలాంటప్పుడు హెలెన్‌ని కోసేసేలా మాట్లాడేవాడు, కొడుకుని కసురుకునేవాడు, ఆనక తలుపు తీసుకుని బయటికెళ్ళిపోయి మైళ్ళకి మైళ్ళు నడిచేవాడు. చచ్చిపోదామన్న ఆలోచన చాలాసార్లు దగ్గరదాకా వచ్చింది. గాడ్విన్ బేన్స్ అనే డాక్టరు దగ్గర కొన్నాళ్ళు చికిత్స తీసుకున్నాడు. తన స్వభావం వల్ల ఇంట్లోవాళ్ళు నలిగిపోతున్నారన్న ఎరుక ఆయనకి ఉంది. మిత్రుడు గోర్డన్ బాటమ్లీకి రాసిన ఉత్తరాల నిండా ఆ అపరాధభావమే.

1913లో అమెరికా నుంచి వచ్చిన ఫ్రాస్ట్‌తో పరిచయమైంది. అప్పటికి ఫ్రాస్ట్ పెద్దగా గుర్తింపు లేనివాడే. నీ వచనంలో ఉన్నదంతా కవిత్వమే, విడగొట్టి రాయి అని ఫ్రాస్ట్ పోరుపెట్టాడు. 1914 డిసెంబరులో థామస్ మొదటి కవితలు రాశాడు. 1917 జనవరి నాటికి 140 పైచిలుకు. రెండేళ్ళ రెండు నెలల్లో ఒక జీవితకాలపు కవిత్వం. బతికుండగా అచ్చయినవి కొన్నే, అవీ ఎడ్వర్డ్ ఈస్ట్‌అవే అనే మారుపేరుతో. స్నేహితులు కాబట్టి మెచ్చుకున్నారు అనే అనుమానం లేకుండా కవితలు తమ కాళ్ళ మీద నిలబడతాయో లేదో చూడాలనుకున్నాడు. ఇవాళ ఇంగ్లీషు పాఠకులకి కంఠతా వచ్చిన 'ఆడల్‌స్ట్రోప్' ఆయన పోయిన మూడువారాలకి 'న్యూ స్టేట్స్‌మన్' పత్రికలో వచ్చింది.

ఎవరూ రమ్మనకుండానే

1915 జూలైలో బ్రిటన్‌లో నిర్బంధ సైనికసేవ లేదు. పెళ్ళికాని మగవాళ్ళకి 1916 జనవరిలో, పెళ్ళయినవాళ్ళకి ఆ ఏడు మేలో చట్టం వచ్చింది. 37 ఏళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి, వెళ్ళకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇంకో దారి కూడా తెరిచే ఉంది. అమెరికా వచ్చెయ్, న్యూ హాంప్‌షైర్‌లో పక్కపక్కన ఉందాం, రాసుకుందాం అని ఫ్రాస్ట్ పిలిచాడు. 1915 ఫిబ్రవరిలో మెర్విన్‌ని ఫ్రాస్ట్ కుటుంబంతోపాటు అమెరికా పంపించాడు కూడా.

వెళ్ళకుండా ఆపినవాటిలో ఒక చిన్న సంఘటనకి జీవితచరిత్రకారులు చాలా ప్రాధాన్యం ఇస్తారు. 1914 చివర్లో ఫ్రాస్ట్‌తో అడవిదారిలో నడుస్తుంటే ఒక కాపలాదారు తుపాకీ చూపించి అడ్డగించాడు. ఫ్రాస్ట్ ఎదురుతిరిగాడు, థామస్ వెనక్కి తగ్గాడు. తగ్గడం తెలివైన పనే. కానీ తనలో పిరికివాడున్నాడన్న ముల్లు ఆయనకి గుచ్చుకునే ఉండిపోయింది. మాథ్యూ హోలిస్ 2011లో ప్రచురించిన 'నౌ ఆల్ రోడ్స్ లీడ్ టు ఫ్రాన్స్'లో ఈ ముల్లుని జాగ్రత్తగా వెతికి చూపిస్తాడు. మరోవైపు ఎలినార్ ఫార్జన్ చెప్పిన జ్ఞాపకం ఒకటుంది. ఆవిడ థామస్‌ని మూగగా ప్రేమించిన మనిషి, ఆయన కవితలు టైపు చేసిపెట్టిన స్నేహితురాలు. దేనికోసం పోరాడుతున్నావని ఆవిడ అడిగితే, వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలుపుతూ, అక్షరాలా దీనికోసమే అన్నాడట.

మట్టి కథ స్మారకోపన్యాసాలకి బాగుంటుంది. కాపలాదారు కథ అక్కడ చెప్పుకోరు. రెండూ ఒకే మనిషివి. పైగా ఈ మనిషికి జర్మన్ల మీద ద్వేషం లేదని, పత్రికల్లో పొంగిపొర్లే దేశభక్తి అంటే ఏవగింపని ఆయన కవితలే చెప్తాయి. అందుకే ఆయన నిర్ణయాన్ని ఒక్క కారణానికి కుదించడం నాకు ఇష్టం లేదు. ఇంటినుంచి పారిపోవడం, తనని తాను పరీక్షించుకోవడం, నెలజీతం, తను తిరిగిన పల్లెల మీద ప్రేమ, అన్నీ కలిసే ఉంటాయి మనిషిలో.

సైన్యంలో ఆయనకి మొదట మ్యాపులు చదవడం నేర్పించే పని ఇచ్చారు. ఇరవై ఏళ్ళుగా మ్యాపు చేత్తో పట్టుకుని దక్షిణ ఇంగ్లండ్ అంతా నడిచినవాడికి అంతకన్నా తగిన పని ఉండదు. అక్కడే ఉండిపోయుంటే యుద్ధం దాటేవాడేమో. 1916లో ఫిరంగిదళంలో ఆఫీసరుగా చేరి, ఫ్రాన్సు వెళ్ళడానికి తనే ముందుకొచ్చాడు.

ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆయన నాలుగు కవితలు రాశాడు, ముగ్గురు పిల్లలకి ఒక్కోటి, భార్యకి ఒకటి. వీలునామా పద్ధతిలో ఉంటాయి. పిల్లలకి ఊళ్ళూ, పొలాలూ, పాటలూ రాసిచ్చేస్తాడు, తన చేతిలో ఒక్క ఎకరం లేకపోయినా. బ్రాన్వెన్‌కి ఇచ్చిన ఊళ్ళకి కౌలు కూడా నిర్ణయిస్తాడు, ఏటా అందరికన్నా ముందు ఫలానా పూలు కోసి తేవాలని. హెలెన్ కవిత దగ్గరికొచ్చేసరికి ఆ ఆట ఆగిపోతుంది. నువ్వు పోగొట్టుకున్నవన్నీ నీకు తిరిగివ్వాలనుంది, చివరికి నన్ను కూడా, నాలో దయ అనేది ఎక్కడ దాక్కుందో కనిపెట్టగలిగితే, అన్న అర్థంలో ముగుస్తుంది. పదిహేడేళ్ళ కాపురం తర్వాత ఒక భర్త ఇంత సూటిగా ఒప్పుకోవడం నేను కవిత్వంలో చాలా తక్కువ చూశాను.

ఈస్టర్ సోమవారం

1917 జనవరి చివర్లో ఫ్రాన్సు చేరాడు. 244వ సీజ్ బ్యాటరీలో సెకండ్ లెఫ్టినెంటు. ఆ జనవరి 1 నుంచి ఏప్రిల్ 8 దాకా చిన్న జేబు డైరీ రాశాడు. అది చాలాకాలం కుటుంబం దగ్గరే ఉండి, 1970ల్లోగానీ అచ్చుకి రాలేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ మొదటి ప్రపంచయుద్ధ కవిత్వ డిజిటల్ ఆర్కైవ్ పుణ్యమాని ఇప్పుడు ఎవరైనా పేజీలు తిప్పి చూడొచ్చు. ఇవాళ ఎన్ని గుళ్ళు పేల్చాం, ఏ ఊరి మీద ఎన్ని పడ్డాయి అన్న లెక్కల మధ్యలో భరతపక్షులు, కౌజులు, ఎలుకలు, మంచు. పక్షుల పాటకీ ఫిరంగి చప్పుడుకీ మధ్య ఆయన గీత గీయడు, రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి. ఈ డైరీలో వీరుడు ఎక్కడా కనపడడు. చలికి, విసుగుకి, భయానికి లోబడుతూ డ్యూటీ చేసుకుపోయే నడివయసు మనిషి కనపడతాడు.

ఏప్రిల్ 8, ఈస్టర్ ఆదివారం, ఒక గుండు ఆయన పక్కనే పడి పేలలేదు. మర్నాడు పొద్దున్నే అరాస్ దాడి మొదలైంది. బోరేన్ అనే ఊరి దగ్గర అబ్జర్వేషన్ పోస్టులో ఉండగా ఆయన చనిపోయాడు. అరాస్‌లో బ్రిటిష్ సైన్యం వైపు చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, గల్లంతైనవాళ్ళు అంతా కలిపి దాదాపు 1,59,000 మంది. అందులో ఆయన మొదటిరోజు లెక్క.

ఈ చావు గురించి ఒక కథ దాదాపు వందేళ్ళు నడిచింది. దగ్గర్లోంచి దూసుకుపోయిన గుండు గాలి ఒత్తిడికి గుండె ఆగిపోయిందని, ఒంటి మీద ఒక్క గాయం కూడా లేదని. ఆయన గడియారం ఆ క్షణానే ఆగిందని, జేబులో డైరీ పేజీలు వింతగా ముడతలు పడ్డాయని. ముడతలు నిజమే, ఆర్కైవ్ ఫొటోల్లో అలల్లాగా కనిపిస్తాయి. హెలెన్ ఆ మాటనే నమ్మింది, స్నేహితులకీ అలాగే చెప్పింది. జీవితచరిత్రలూ దాన్నే ఎత్తిరాశాయి.

ఆ బ్యాటరీ కమాండర్ ఫ్రాంక్లిన్ లషింగ్టన్ 1930ల్లో, థామస్ జీవితచరిత్ర రాస్తున్న జాన్ మూర్‌కి ఒక ఉత్తరం రాశాడు. అందులో విషయం వేరు. గుండు నేరుగా తగిలింది, ఛాతీలోంచి దూసుకుపోయింది. ఆ ఉత్తరం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉండిపోయింది. 2015లో జీన్ మూర్‌క్రాఫ్ట్ విల్సన్ రాసిన జీవితచరిత్రతో పాఠకులందరికీ తెలిసింది.

ఇలాంటి మెత్తటి కథలు ఆ యుద్ధంలో ఇంటింటికీ చేరాయి. వెంటనే పోయాడు, నొప్పి తెలియలేదు, మొహం ప్రశాంతంగా ఉంది. ఆఫీసర్లు రాత్రిళ్ళు కూర్చుని కుటుంబాలకి రాసిన ఉత్తరాల్లో ఇవే మాటలు మళ్ళీమళ్ళీ వస్తాయి. ఒంటికి దెబ్బ తగలని భర్తని ఊహించుకోవడం, ఛాతీ చీలిపోయిన భర్తని ఊహించుకోవడం, ఈ రెండింటి మధ్య తేడా మీదే ఆ తర్వాతి యాభై ఏళ్ళ నిద్ర ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఆ కథని పట్టుకున్నందుకు హెలెన్‌ని నేను తప్పుపట్టలేను. నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. చావు గురించి మెత్తటి అబద్ధంతో బతికిన ఆ మనిషి, బతుకు గురించి మాత్రం అబద్ధం రాయలేదు.

రాళ్ళ మీద రాసేది

చనిపోయిన సైనికుడికి రాయి నాటడం మనకి కొత్త కాదు. రాయలసీమలో, తెలంగాణలో ఊరి పొలిమేరల్లో వీరగల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. చాలావాటి మీద బొమ్మలు అరలు అరలుగా ఉంటాయి. కింది అరలో యుద్ధం. పైన అప్సరసలు వీరుణ్ణి చెరోపక్క పట్టుకుని తీసుకెళ్తుంటారు. ఆ పైన శివలింగం ముందు వీరుడు. యుద్ధం నుంచి స్వర్గానికి నేరుగా దారి. మధ్యలో ఇల్లు ఉన్న అర నేనెక్కడా చూడలేదు. భార్య కనిపిస్తే సతిరాళ్ళ మీదే కనిపిస్తుంది, గాజుల చెయ్యి పైకెత్తి, మొగుడితో పాటు పోయిన మనిషిగా. మన పల్నాటి కథలో మాంచాలని మనం గుర్తుపెట్టుకున్నది కూడా అందుకే. తనని పట్టించుకోకుండా వేరే ఇంట గడిపిన బాలచంద్రుడికి కత్తి చేతికిచ్చి యుద్ధానికి పంపింది కాబట్టి. ఆ పిల్ల కోపం మనకి కథలో ఒక మెట్టు మాత్రమే. అతను తిరిగి రాకపోయాక ఆవిడ బతికుంటే ఏం చెప్పేదో మన కథకి అక్కర్లేదు.

ఇంగ్లండ్ కూడా థామస్‌కి రాళ్ళు నాటింది. 1937లో ఆయన ఉన్న స్టీప్ ఊరి కొండవాలు మీద ఒక పెద్దరాయిని వాల్టర్ డి లా మేర్ ఆవిష్కరించాడు. 1985 నవంబరు 11న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో 16 మంది యుద్ధకవుల పేర్లు చెక్కిన పలకలో ఆయన పేరూ చేరింది. ఫ్రాన్సులో ఆన్యీ సైనిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఈ రాళ్ళు చెప్పే ప్రతి అక్షరమూ నిజమే, పేరు, తేదీ, దళం. ఆయన ఎలా పోయాడో, ఎప్పుడు పోయాడో దేశం భద్రంగా రాసిపెట్టుకుంది. ఎలాంటివాడో రాయి మీద పట్టదు.

స్కూల్లో నాకొక క్లాస్‌మేట్ ఉండేవాడు. వాళ్ళ నాన్న సైన్యంలో హవల్దారు, వీడు మూడో క్లాసులో ఉన్నప్పుడు పోయాడు. ప్రతి ఆగస్టు 15కీ వాణ్ణి స్టేజీ ఎక్కించేవాళ్ళు. హెడ్‌మాస్టరు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవారు, మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒకసారి క్యారమ్స్ ఆడుతుంటే వాడు చిన్నగా అన్నాడు, మా నాన్న సెలవుకొచ్చినప్పుడు దీంట్లో తొండి చేసేవాడురా అని. అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. వాడి మొహంలో ఆ జంకు నేను మర్చిపోలేదు. నాన్న గురించి వాడికి సొంతంగా ఉన్న జ్ఞాపకం అదొక్కటే అయ్యుండొచ్చు. స్టేజీ మీది నాన్నకి అది నప్పదని ఆ వయసుకే వాడికి అర్థమైపోయింది.

హెలెన్ రాసిన అర

భర్త పోయాక హెలెన్ కుప్పకూలిపోయింది. ఆ దుఃఖంలోంచి బయటపడే మార్గంగానే రాయడం మొదలుపెట్టింది. 1926లో 'యాజ్ ఇట్ వాజ్', 1931లో 'వరల్డ్ వితౌట్ ఎండ్' వచ్చాయి. మొదటి పుస్తకంలో ఎడ్వర్డ్ పేరు డేవిడ్, తన పేరు జెన్నీ. రచయిత పేరున్న చోట హెచ్. టి. అనే అక్షరాలే. పెళ్ళికి ముందే కలిసిన సంగతి, ఒంటి ప్రేమ, కొడుకు పుట్టుక, అన్నీ దాపరికం లేకుండా రాసింది. 1926లో ఒక మధ్యతరగతి వితంతువు, అదీ యుద్ధంలో పోయిన ఆఫీసరు భార్య, ఇలా రాయడం సాహసం. ఎడ్వర్డ్ స్నేహితుల్లో కొందరికి అది మింగుడుపడలేదు.

రెండో పుస్తకం ఇంకా కష్టమైనది. ఆయన నిరాశ రోజులు, మాటల్లో విషం, తలుపు వేసుకుని వెళ్ళిపోతే తిరిగొస్తాడో లేదోనని తను కిటికీ దగ్గర నిలబడ్డ గంటలు, అన్నీ అందులో ఉన్నాయి. చివర్లో 1917 జనవరి సెలవు. ఎపింగ్ అడవి అంచున హై బీచ్‌లో ఇల్లు, చుట్టూ మంచు. ఆ రోజుల్లో వాళ్ళు ఒకరినొకరు తట్టుకోలేక, వదల్లేక సతమతమైన తీరు. వెళ్ళే రోజు పొగమంచులో ఆయన కనుమరుగయ్యాక, ఇద్దరూ తమ పాత అలవాటు ప్రకారం 'కూ-ఈ' అని కేక వేసుకుంటారు. ఆయన కేక దూరమౌతూ ఉంటుంది, ఈవిడ బదులిస్తూ ఉంటుంది, ఒకసారి ఈవిడ కేకకి మంచులోంచి ఏమీ రాదు. యుద్ధసాహిత్యంలో వీడ్కోలు ఘట్టాలు కొల్లలు. ఇందులో మాంచాల లేదు, కత్తి లేదు. మొగుణ్ణి పంపడం ఇష్టం లేని, ఆపలేకపోయిన ఒక మామూలు ఆడమనిషి ఉంది.

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. చనిపోయినవాడు బదులు చెప్పలేడు. అంత గుట్టుగా ఉండే మనిషిని, మారుపేరు వెనక కవితలు దాచుకున్నవాణ్ణి, బజారుకీడ్చినట్టు కాదా? పైగా హెలెన్ రాసింది పదేళ్ళ తర్వాత, ప్రేమతో, దుఃఖంతో. అందులో సంభాషణలు కోర్టు రికార్డు కావు. తన అతి ప్రేమ ఆయనకి ఎంత ఊపిరాడనిచ్చిందో ఆవిడకి పూర్తిగా కనపడకపోవచ్చు కూడా.

ఇవన్నీ ఒప్పుకుంటూనే నేను హెలెన్ పక్షాన ఉంటాను. మొదటి కారణం, తన గురించి తను బాటమ్లీకి రాసుకున్న ఉత్తరాల్లో ఎడ్వర్డ్ ఇంతకన్నా కఠినంగా ఉన్నాడు. హెలెన్ చిత్రంలో ఆయన గుర్తుపట్టలేనిది ఏమీ ఉండదు. రెండోది, ఆవిడ ఫిర్యాదు చేయడంలేదు. ఆ కోపమూ, ఆ వంటింటి పొగా, పిల్లలకి ఆయన చెప్పిన వెల్ష్ పాటలూ అన్నీ కలిస్తేనే తను ప్రేమించిన మనిషి అవుతాడని ఆవిడకి తెలుసు. ఒక్క ముక్క తీసేసినా మిగిలేది ఇంకెవరో. రాతి మీద పేరు కోసం కోపిష్ఠి మొగుణ్ణి వదులుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మచ్చలేని మనిషి చనిపోయాడంటే ఆ నష్టం మనకి అంతగా తగలదు, దేవుడి పటం ఒకటి పెరిగిందంతే. అబద్ధపు కోపాలూ నిజమైన పశ్చాత్తాపాలూ ఉన్న మనిషి, ఇంకా మారడానికి వీలున్న మనిషి, కవిత్వం దొరికాక నిజంగానే కొంత మారుతున్న మనిషి పోయాడంటే, యుద్ధం ఏం తీసుకుపోయిందో అప్పుడు తెలుస్తుంది.

మ్యాపు మీద నడక

1930ల్లో హెలెన్ డార్ట్‌ఫర్డ్‌లోని మానసిక వైద్యాలయానికి ఒక రోగిని చూడ్డానికి వెళ్ళింది. పేరు ఐవర్ గర్నీ, కవి, స్వరకర్త. ఆయన కూడా ఆ యుద్ధం చేసినవాడే. 1917 ఏప్రిల్‌లోనే, థామస్ పోయిన రోజుల్లోనే, చేతికి గుండు తగిలింది. సెప్టెంబరులో గ్యాస్ బారిన పడ్డాడు. ప్రాణంతో తిరిగొచ్చాడు గానీ, 1922 నుంచి 1937లో చనిపోయేదాకా ఆసుపత్రుల్లోనే గడిపాడు. థామస్ కవిత్వం అంటే ఆయనకి ప్రాణం, కొన్నిటికి బాణీలు కట్టాడు. ఇద్దరికీ ఇష్టమైన నేల గ్లాస్టర్‌షైర్.

రెండోసారి వెళ్ళినప్పుడు హెలెన్ పూలు, పళ్ళు తీసుకెళ్ళలేదు. ఎడ్వర్డ్ వాడిన గ్లాస్టర్‌షైర్ మ్యాపులు తీసుకెళ్ళింది. మంచం మీద పరిచారు. గర్నీ వేలు పెట్టి ఒక్కో డొంక, ఒక్కో గేటు, ఒక్కో దిబ్బ గుర్తుపడుతూ నడిచాడు, పక్కన ఆవిడ వేలు. ఆ గంటసేపూ ఆయన ఆసుపత్రిలో లేడు, ఆవిడ ఒంటరిగా లేదు. ఈ సంగతి హెలెన్ తర్వాత ఒక చిన్న వ్యాసంలో రాసింది. సైనికులకి మ్యాపులు నేర్పిన మనిషి పోయి పదిహేనేళ్ళయ్యాక, ఆయన మ్యాపు ఇంకో సైనికుడికి దారి చూపించింది. ఒక స్మారకం చేయగలిగిన పని ఇంతకన్నా పెద్దది నాకు తెలియదు.

హెలెన్ 1967 ఏప్రిల్‌లో పోయింది, భర్త పోయిన యాభై ఏళ్ళకి. చిన్నకూతురు మవాన్వీ 1982లో తన జ్ఞాపకాలు 'వన్ ఆఫ్ దీజ్ ఫైన్ డేస్' పేరుతో ప్రచురించింది. తల్లి పుస్తకాలనీ, తన జ్ఞాపకాల్లోంచి కొన్నిటినీ కలిపి 1988లో 'అండర్ స్టార్మ్స్ వింగ్' వచ్చింది. ఈ కుటుంబం గురించి ఒక్క పుస్తకమే చదవాలనుకుంటే అదే చదవండి. మవాన్వీకి నాన్న తెలిసింది ఆరేళ్ళే, అందులో చివరి రెండేళ్ళూ సెలవు రోజుల్లోనే. ఆ ఏప్రిల్ రోజు ఆ పిల్ల ఒక పోస్టుకార్డు మీద చుక్కలు గుచ్చిన చోటల్లా రంగు ఊలుతో బొమ్మ కుడుతోంది. ఫ్రాన్సులో ఉన్న నాన్నకి పంపడానికి. కిటికీలోంచి చూస్తే టెలిగ్రాఫు కుర్రాడు ఎర్రసైకిలు కంచెకి ఆనించి లోపలికొస్తున్నాడు. అమ్మ చదివింది. బదులేమీ లేదని చెప్పి అతన్ని పంపించేసింది.